వీడియో క్రీడలలో నార్సు, కెల్టిక్ పురాగాథలు – తోలుబొమ్మలాటతో ఒక పోలిక

పురాగాథ ఒక మాధ్యమమునుండి వేరొక మాధ్యమమునకు మారునపుడు నామరూపములు నిలిచియున్నను దాని తాత్పర్యము మారుట సాహిత్యచరిత్రలో పలుమార్లు కనబడును. అట్టి మార్పు నేడు వీడియో క్రీడలలో జరుగుచున్నది. తెరపై కదలు పాత్రను ఆడువాడు తన చేతి మీటలతో నడపు ఆటయే వీడియో క్రీడ. ఉత్తర ఐరోపా గాథలు ఈ క్రీడలలో పొందిన పరిణామమును పరిశీలించి, దానిని మన తోలుబొమ్మలాటతో పోల్చిచూచుట ఈ వ్యాసోద్దేశము.

ఆకరములు

స్కాండినేవియా, ఐస్లాండు దేశముల ప్రాచీన దేవతాకథలకు నార్సు గాథలని పేరు. ఐస్లాండు పండితుడైన స్నోరి స్టుర్లుసన్ సుమారు 1220లో రచించిన గద్య ‘ఎడ్డా’, సుమారు 1270 నాటి వ్రాతప్రతిలో లభించిన పద్య ‘ఎడ్డా’ వీనికి ముఖ్యాకరములు. స్నోరి కాలమునకు ఆ దేశము క్రైస్తవమును స్వీకరించి రెండు శతాబ్దులు గడచెను. దేవతాకథలు మరుగుపడినచో పూర్వకవుల సంకేతపదములు బోధపడవని తలచి, కవిత్వము నేర్చువారికొరకు ఆతడు ఆ గ్రంథమును కూర్చెను. ఐర్లండునందలి కెల్టిక్ గాథలును మఠములలోని లేఖకుల వలననే 12వ శతాబ్ది ప్రతులలో నిలిచినవి. అనగా, ఈ రెండు వాఙ్మయములును పాతమతము అస్తమించిన పిమ్మట పండితుల శ్రద్ధచేత దక్కినవే.

వీనిని ఆధునిక లోకమునకు పరిచయము చేసినవారిలో టోల్కీన్ ముఖ్యుడు. 1937లో వెలువడిన ‘ది హాబిట్’ నవలలోని మరుగుజ్జుల పేర్లను, గాండాల్ఫ్ అను మాంత్రికుని పేరును, ఆతడు పద్య ‘ఎడ్డా’లోని నామావళినుండియే గ్రహించెను. ఆ నవలల ప్రభావము 1974 నాటి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను బల్లపై ఆడు ఆటలోనికి, అటనుండి కంప్యూటరు క్రీడలలోనికి ప్రవహించెను. 1984లోనే ‘టీర్ న నోగ్’ అను క్రీడలో ఐరిష్ వీరుడు కూహులిన్ నాయకుడయ్యెను. గుఱ్ఱమునెక్కిన ఓడిన్ దేవుడు జపానువారి ‘ఫైనల్ ఫాంటసీ’ క్రీడలలో సైతము కనబడుచున్నాడు.

దైవము – పురుషకారము

నార్సు గాథలకు ప్రాణము నియతి. రాగ్నరోక్ అను ప్రళయయుద్ధములో ఓడిన్‌ను ఫెన్రిర్ అను తోడేలు మ్రింగును. థోర్ మహాసర్పమును చంపి, తొమ్మిది అడుగులు నడచి, దాని విషమువలన కూలును. ఇది దేవతలకు ముందే తెలియును; తెలిసియే యుద్ధమునకు వెడలుదురు. వారి మహత్త్వము గెలుపులో లేదు, తెలిసిన ఓటమికి వెనుదీయకపోవుటలో నున్నది. కూహులిన్ కథయు నిట్టిదే. కుక్కమాంసము తినరాదను నియమమొకటి, పెట్టిన ఆతిథ్యమును కాదనరాదను నియమమొకటి ఆతనిని బంధింపగా, ఏది పాటించినను రెండవది భంగమగును. శాపబద్ధుడైన కర్ణుని వృత్తాంతము నెఱిగిన మనకు ఇది క్రొత్త కాదు.

వీడియో క్రీడకు ప్రాణము పురుషకారము. ఎంత యత్నించినను గెలువజాలని ఆటను ఎవరును ఆడరు. కావుననే 2022లో వచ్చిన ‘గాడ్ ఆఫ్ వార్ రాగ్నరోక్’ క్రీడలో నాయకుని మరణమును సూచించిన జోస్యము ఫలింపదు, ఆతడు బ్రదుకును. ఓడిన్ మరణమునకు తోడేలు కారణము కాదు. థోర్ ఓడిన్ చేతనే హతుడగును. పేర్లు, ఆయుధములు, లోకములు ఎడ్డాలవే. తాత్పర్యము మాత్రము తలక్రిందులైనది.

మన తెర

మన ప్రాంతమునకు తెరపై కదలు బొమ్మ క్రొత్తది కాదు. నల్లమాడ మండలమున్న శ్రీ సత్యసాయి జిల్లాలోనే, 2022 వరకు అనంతపురము జిల్లాలో చేరియుండిన ధర్మవరము చెంత, తోలుబొమ్మలకు ప్రసిద్ధమైన నిమ్మలకుంట కలదు. ఆ గ్రామ కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించెను. దీపకాంతిలో తెల్లని తెరపై రంగుల బొమ్మలను చేతితో ఆడించుచు రామాయణ భారతములను ప్రదర్శించుట వీరి కులవిద్య. స్నోరి శతాబ్దిలోనే, అనగా 13వ శతాబ్దిలోనే, వెలసిన రంగనాథ రామాయణ ద్విపద ఈ ఆటకు ప్రధానాధారము.

2009లో హైదరాబాదు సంస్థయొకటి ‘హనుమాన్: బాయ్ వారియర్’ అను వీడియో క్రీడను రూపొందించినపుడు, దైవమును ఆడువాని చేతి మీటకు లోబఱచుట తగదని కొందరు ఆక్షేపించిరి. ఈ ఆక్షేపమునకు తోలుబొమ్మలాటయే సమాధానమును, సవరణను ఈయగలదు. హనుమంతుని చేతితో ఆడించుట మనకు తరతరములుగా నున్నదే. కాని బొమ్మలాటగాని చేయి కథకు లోబడియుండును. ఆతని నేర్పు ఎట్టిదైనను హనుమంతుడు లంకను చేరకుండుట లేదు. వీడియో క్రీడలో కథయే చేతికి లోబడును. ఆడువాడు తప్పినచో హనుమంతుడును ఓడును. భేదము చేతిలో లేదు, ఓటమికి అవకాశమున్నదా లేదా అనుటలో నున్నది.

ఉపసంహారము

క్రీడలు కథను మార్చుట దోషమని ఈ వ్యాసము వాదింపదు. వాల్మీకమును ద్విపదకారుడు, ద్విపదను బొమ్మలాటగాడు మార్చుకొనిరి కదా! కాని ఎడ్డాల విషయమున మూలగ్రంథము పరిష్కృతమై అచ్చులో నుండుటచేత, ఏది మాఱెనో చూపుటకు వీలగుచున్నది. బొమ్మలాటగాండ్ర వాచికమున్నది గ్రంథములలో కాదు, వృద్ధుల నాలుకపైన. ప్రదర్శనలు తగ్గి, నిమ్మలకుంట కుటుంబములు నేడు అధికముగా దీపపు గొడుగులు, గోడ అలంకారములు చేసి జీవించుచున్నవి. తోలుపై బొమ్మ నిలిచి, బొమ్మ పలుకు మాట నశించుట ఆసన్నమైయున్నది. స్నోరి తన కాలమున చేసిన పని, ఈ వాచికమును విని, వ్రాసి, పాఠభేదములతో ప్రకటించుట, ప్రాచ్యకళాశాలల అధ్యాపకులకును పరిశోధకులకును సాధ్యమైనదే. మూలము చేత నున్ననాడే మార్పును గుర్తింపగలము.