వెండి నాణెమునకు మూడు వెలలు

స్మారక వెండి నాణెములను కొని, కొంతకాలము దాచి, పిదప అధిక ధరకు అమ్మి లాభము పొందవచ్చునా? నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతముల శ్రోతలు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఇది. దీనికి అవునని గాని కాదని గాని ఒక్కమాటతో బదులు చెప్పుటకు వీలులేదు. ధాన్యమునకు, పత్తికి ఉన్నట్లు నాణెమునకు ఏనాటికానాడు ఒకే అంగడి ధర ఉండదు. దానికి మూడు వెలలు కలవు. నాణెముపై ముద్రించిన అంకె మొదటిది. అందలి వెండి వెల రెండవది. దానిని కోరువాడు ఇచ్చుటకు సిద్ధపడు వెల మూడవది. ఈ మూడింటిని విడివిడిగా చూడనేర్చినవాడు సులభముగా మోసపోడు.

మన పెద్దలు నాణెములోని వెండిని లెక్కించుట ఎరిగినవారే. నిజాము రాజ్యములో హాలీ సిక్కా, బ్రిటిషు ఇండియాలో కల్దారు చెల్లుచుండెను. పాలమూరు ఏ ప్రభువు పేర మహబూబ్‌నగర్ అయినదో, ఆ మీర్ మహబూబ్ అలీఖాన్ కాలముననే చార్మినార్ బొమ్మగల రూపాయి వెలువడినది. దాని బరువు 11.18 గ్రాములు, అందు వెండి నూటికి 81.8 పాళ్లు. కల్దారు బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 పాళ్లు. ఏడు హాలీలకు ఆరు కల్దారులు వాడుకలోని మారకము. లెక్కవేసి చూడుడు: ఏడు హాలీలలో ఉన్న వెండియు, ఆరు కల్దారులలో ఉన్న వెండియు ఇంచుమించు 64 గ్రాములే. పేరులు వేరైనను, ముద్రలు వేరైనను, త్రాసు మాత్రము ఒక్కటే.

స్వతంత్ర భారతములో స్మారక నాణెములు 1964లో నెహ్రూ మరణానంతరము ఆరంభమైనవి. అవి నికెల్ నాణెములు. 1969లో గాంధీ శతజయంతికి వెలువడిన పది రూపాయల నాణెము వెండిది. బరువు 15 గ్రాములు, నూటికి 80 పాళ్లు వెండి. అనగా 12 గ్రాముల మేలిమి వెండి. 2024 అక్టోబరులో కిలో వెండి ధర లక్ష రూపాయలను తాకినది. ఆ లెక్కను ఈ నాణెములోని వెండి వెల 1,200 రూపాయలు. పది రూపాయలు పన్నెండు వందలైనవన్న మాట వినుటకు అద్భుతముగా తోచును. కాని గడచిన కాలము 55 ఏండ్లు. చక్రవడ్డీగా చూచిన ఏటికి నూటికి తొమ్మిది రూపాయల మేర మాత్రమే. ఇది లాభమే, అయితే ముఖవిలువకే నాణెమును పొంది, సగము ఆయుస్సు ఓపిక పట్టినవానికి దక్కిన లాభము.

నేటి పరిస్థితి అది కాదు. ఇందుకు మనవారందరు ఎరిగిన ఉదాహరణ నందమూరి తారక రామారావు శతజయంతి నాణెము. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము దానిని విడుదల చేసిరి. ముద్రించినది హైదరాబాదు టంకశాల. రామారావు 1985లో నల్లగొండ నుండి గెలిచినవారు, 1989లో కల్వకుర్తిలో ఓడినవారు. కనుక ఈ రెండు జిల్లాలలోను ఆయన పేరు విన్నంతనే స్పందించు ఇండ్లు కలవు. నాణెముపై అంకె నూరు రూపాయలు. బరువు 35 గ్రాములు. అందు సగము, అనగా 17.5 గ్రాములు, వెండి. నాటి ధరను బట్టి ఆ వెండి వెల సుమారు 1,300 రూపాయలు. టంకశాల అమ్మిన ధర మాత్రము పెట్టెను, ముద్రణ తరగతిని బట్టి 4,050 మొదలు 4,850 రూపాయల వరకు.

కొన్నవాడు దేనికి ఎంత ఇచ్చినట్లు? 1,300 వెండికి; తక్కినది ముద్రణ సొగసునకు, పెట్టెకు, అభిమానమునకు. ఆ తక్కినదే మూడవ వెల. కేవలము వెండి వెలయే 4,050 కావలెనన్న గ్రాము ధర 231 రూపాయలు దాటవలెను. దాటినను, 2011 నాటి నాణెముల చట్టము నాణెములను కరగించుటను నిషేధించుచున్నది. కావున దానిని నాణెముగానే కొనువాడు మరియొకడు దొరకవలెను. ఆ రెండవవాడు వర్తకుడైనచో తన లాభమును మినహాయించుకొనియే ధర చెప్పును. తెచ్చుటకు, పంపుటకు అగు ఖర్చులు వేరు.

వెండి ధర ఎప్పుడును పెరుగునే గాని తగ్గదను నమ్మకమును కూడ విడువవలెను. ప్రపంచ విపణిలో 1980 జనవరిలో ఔన్సు వెండి 50 డాలర్ల సమీపమునకు ఎగసెను. మార్చి 27 నాటికి 11 డాలర్లకు లోపుగా పడెను. ఆ పూర్వస్థాయి దరికి మరల చేరుటకు 2011 వరకు పట్టెను.

ఇంతయు విన్న పిమ్మటను కొనదలచినవారు కొన్ని సంగతులు గుర్తుంచుకొనవలెను. టంకశాల ఇచ్చిన రసీదును, పెట్టెను భద్రపరచవలెను. అవి లేనిచో మూడవ వెల చాలవరకు పోవును. అద్దమువలె మెరయు ప్రూఫు నాణెమును చేతితో తాకరాదు. నల్లబడినదని చింతపండుతోనో బూడిదతోనో తోమినచో గీతలు పడును. సేకరించువాడు దానిని తిరిగి చూడడు. ఇతరుల వద్ద కొనునపుడు బరువు తూచి చూడవలెను. పాత నాణెమునకు లక్షలు ఇచ్చెదమని చెప్పి, ముందుగా రుసుము పంపుమనువారిని అసలే నమ్మరాదు. తన పేరు వాడి ఇట్లు రుసుములు, కమీషన్లు అడుగు మోసగాండ్రను గూర్చి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినది.

అభిమానముతో ఒక నాణెమును కొని బిడ్డలకు, మనుమలకు చూపుకొనుటలో నష్టము లేదు. ఆ ఆనందమే దాని ఫలము. వ్యాపారముగా తలచినచో మాత్రము ముందు త్రాసు ముందర నిలువవలెను. బరువును వెండి పాలుతో గుణించి, నాటి ధరతో హెచ్చించి, అడిగిన ధరలో నుండి తీసివేయవలెను. మిగిలిన మొత్తము, రేపు మరియొకడు మనవలె మక్కువపడునను ఆశకు మనము చెల్లించు వెల. వానకై ఆకాశము చూచు మెట్ట సేద్యగానికి విత్తనములకు దాచిన సొమ్ము ఎంత విలువైనదో ఎవరును చెప్పనక్కరలేదు. ఆ సొమ్మును గాని, అప్పు తెచ్చిన సొమ్మును గాని ఇట్టి ఆశపై పెట్టదగదు.