ఆవని సీతమ్మకు మొక్కు

మా కోడలికి ఐదో నెల స్కాన్‌లో మాయ కిందికి ఉందన్నారు. బరువెత్తకూడదు, రక్తం కనబడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలన్నారు. ఇంట్లో చూస్తే పురుగు నాలుగో జ్వరం లేచి ఉంది. ఆకు మోపులు మోసేదెవరు?

భయం ఆగక ముళబాగిలు తాలూకా ఆవని కొండెక్కినాను. రథమెక్కేటప్పుడు తనను అడవిలో వదిలేస్తారని తెలియని సీతమ్మ, లవకుశులను అక్కడే కనిందని మన నమ్మకం. ఆమె గుడి ముందు కూర్చుంటే మనసు కుదుటపడింది.

మొక్కు నాది, మోపులు మా అబ్బాయివి. పంట దిగినాక షెడ్డుకు ఫార్మలిన్ కొట్టే రోజు కోడలిని పుట్టింటికి పంపినాం.

గర్భసంచి పెరిగేకొద్దీ చాలామందికి మాయ పైకి జరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఎనిమిదో నెల స్కాన్ వచ్చే సోమవారం. చాకీ తెచ్చేది ఆ తర్వాతే.