బీడీ కార్మికుల ఆరోగ్య శిబిరాలు
మంచిచెడ్డలు చెప్పవలసింది వారే

నిజామాబాద్: ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపిన తునికాకు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల పల్లెల్లో వేలాది మహిళలకు ఇదే బతుకుతెరువు. వారికి ఇంటి అరుగే కార్ఖానా. పొద్దస్తమానం వంగి కూర్చోవడం వల్ల మెడ, నడుము పట్టేస్తాయి. తంబాకు దుమ్ముతో దగ్గు, ఆయాసం వస్తాయి. తంబాకులోని నికొటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది.

బీడీ కార్మికుల సంక్షేమానికి కేంద్రం 1976లో చట్టం చేసింది. బీడీలపై వసూలైన సెస్సుతో దవాఖానాలు నడిచాయి. 2017లో జి.ఎస్.టి. రావడంతో ఆ సెస్సు రద్దయింది. కాబట్టి ఆరోగ్యం పేరిట పెట్టే ప్రతి రూపాయీ అక్కరకు వస్తున్నదా అని చూడవలసి ఉంది.

రిజిస్టరు చెప్పనిది

శిబిరానికి ఎందరు వచ్చారో, ఎన్ని మాత్రలు పంచారో రిజిస్టరు చెబుతుంది. దగ్గు తగ్గిందో లేదో చెప్పదు. అది బీడీ చుట్టే మనిషే చెప్పాలి. వెయ్యి బీడీల లెక్కన కూలి దక్కే వారికి వరుసలో నిలబడిన గంటకు పైసా రాదు. బీడీలు అప్పజెప్పే వేళకే శిబిరం పెడితే వారు రాలేరు. దాన్ని నిర్లక్ష్యమని రాసుకుంటే లాభం లేదు, మార్చవలసింది వేళను. గంటకోసారి లేచి నడవమన్న సలహా మంచిదే. కానీ లేచినప్పుడల్లా లెక్క తగ్గుతుందని భయపడే వారు దాన్ని ఎంతవరకు పాటించగలరో అడిగి తెలుసుకోవాలి.

ఎవరిని, ఎలా అడగాలి?

శిబిరానికి వచ్చిన వారితోపాటు రాని వారినీ అడగాలి. కమీషన్‌దారు ఎదుట అడిగితే ఆడవారు నోరు విప్పరు. తమ బీడీలను ఎక్కడ చాటు కింద తీసేస్తాడోనన్న జంకు ఉంటుంది. కనుక విడిగా, పేరు రాసుకోకుండా అడగాలి. బీడీలు తీసుకునే చోట గాలి, వెలుతురు, తాగునీరు ఉన్నాయా అని కమీషన్‌దారునూ అడగాలి. పరీక్షకు పంపిన వారిలో ఎందరు తిరిగి వచ్చారో డాక్టరు, ఆశా కార్యకర్త చెప్పాలి. క్షయ మందులు కనీసం 6 నెలలు వాడాలి. ఒక్కనాటి శిబిరంతో అది తీరేది కాదు.

మూడు నెలలకు మళ్లీ అదే గడప తొక్కి అవే ప్రశ్నలు వేస్తే ఫలితం తేలుతుంది. కార్మికులు చెప్పిన దానిలో ఏది సరిదిద్దారో, ఏది కాలేదో, ఎందుకు కాలేదో గ్రామసభలో చదివి వినిపించాలి. చెప్పినా వినే నాథుడు లేడనిపిస్తే మరోసారి ఎవరూ చెప్పరు. అప్పుడు మిగిలేది రిజిస్టరే.