స్కానర్ సెన్సర్‌ని అనుమానిస్తోందా? ముందు మానిఫోల్డ్ చూడండి: ఫెరారీ ఎఫ్355 నేర్పే పాఠం

చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. ఫోన్‌కి బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కనెక్ట్ చేశారు. యాప్‌లో పీ0171 అనే కోడ్ వచ్చింది. అంటే ఇంజిన్‌లో గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అవుతోందని అర్థం. మీరైతే ఏం చేస్తారు? చాలామంది ఆక్సిజన్ సెన్సర్ మార్చేసి, కోడ్ క్లియర్ చేసి వదిలేస్తారు. కొన్ని రోజులకే లైట్ మళ్లీ వెలుగుతుంది. ఎందుకంటే సెన్సర్ బాగానే ఉంది. దానికి ముందున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి పగులొచ్చింది!

ఈ సమస్య గురించి మాట్లాడితే స్పోర్ట్స్ కార్ల ప్రియులకు వెంటనే గుర్తొచ్చే పేరు ఫెరారీ ఎఫ్355. 1994 నుంచి 1999 వరకు తయారైన ఈ కారులో 3.5 లీటర్ల వీ8 ఇంజిన్, సిలిండర్‌కి 5 వాల్వులు, 8,250 ఆర్‌పీఎం దగ్గర 380 హార్స్‌పవర్ ఉంటాయి. దీని మానిఫోల్డ్ పగుళ్ల సంగతి ఓనర్లందరికీ తెలిసిందే.

ఎందుకు పగులుతుంది?

సిలిండర్ల నుంచి వచ్చే వేడి పొగను ఒక్కచోటికి చేర్చే పైపుల సెట్టే మానిఫోల్డ్. గట్టిగా నడిపితే ఆ పొగ 800 డిగ్రీలు దాటుతుంది. అర మీటరు స్టెయిన్‌లెస్ స్టీల్ పైపు 700 డిగ్రీలు వేడెక్కితే సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లారాక మళ్లీ ముడుచుకుంటుంది. కారు తీసిన ప్రతిసారీ ఇదే తంతు. చివరికి వెల్డింగ్ జాయింట్ల పక్కన లోహం అలసిపోయి చీలుతుంది.

ఎఫ్355లో ఇంకో చిక్కుంది. పల్చటి పైపుల చుట్టూ ఇన్సులేషన్, దానిపైన స్టీల్ కవచం ఉంటాయి. వేడి లోపలే ఉండిపోతుంది. పగులు కూడా లోపలే దాక్కుంటుంది. పైనుంచి ఎంత చూసినా కనిపించదు.

సెన్సర్ ఎలా మోసపోతుంది?

పొగ పైపులో ఒకే ధారగా పోదు, దెబ్బలు దెబ్బలుగా పోతుంది. రెండు దెబ్బల మధ్య క్షణకాలం ప్రెజర్ పడిపోతుంది. అప్పుడు పగులులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. సెన్సర్‌కి అదనపు ఆక్సిజన్ తగులుతుంది. పెట్రోల్ తక్కువైందని ఈసీయూ అనుకుని ఇంకా పోస్తుంది. ఎక్కువైన పెట్రోల్ వల్ల క్యాటలిటిక్ కన్వర్టర్ అతిగా వేడెక్కుతుంది. ఈ కారు డాష్‌బోర్డుపై వెలిగే స్లో డౌన్ లైట్‌కి అదీ ఒక కారణం కావచ్చు. సెన్సర్ తప్పేలే అని కొట్టిపారేయకండి.

మీ ఫోన్, గ్యాడ్జెట్లతో ఏం కనిపెట్టొచ్చు?

* చెవి, ఫోన్ రికార్డర్: చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్ అని వినిపించి, వేడెక్కాక తగ్గితే అనుమానించాల్సిందే. లోహం సాగి పగులు కాస్త మూసుకుంటుంది కాబట్టే శబ్దం తగ్గుతుంది. రోజూ ఉదయం రికార్డ్ చేసి పోల్చి చూడండి.
* ఓబీడీ స్కానర్: కోడ్ ఒక్కటే కాదు, ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. వీ8లో రెండు బ్యాంకులుంటాయి. ఒకవైపు 2 శాతం, రెండోవైపు 18 శాతం చూపిస్తే ఆ రెండో వైపే లీక్ వెతకాలి. కానీ ఈ కారులో ఓబీడీ-2 ఉన్నది మోట్రానిక్ 5.2 వచ్చిన తర్వాతి మోడళ్లలోనే. పాత మోట్రానిక్ 2.7 కార్లకు మీ బ్లూటూత్ డాంగిల్ పనికిరాదు.
* ఎండోస్కోప్ కెమెరా: ఆక్సిజన్ సెన్సర్ విప్పితే 18 మి.మీ. రంధ్రం దొరుకుతుంది. సన్నటి కెమెరా అందులోంచి దూరుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే పెట్టండి, లేదంటే కెమెరా కరిగిపోతుంది. అన్ని మూలలూ కనిపించవు, కాబట్టి పగులు కనిపించకపోతే లేనట్టు కాదు.
* ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్: మెరిసే స్టీల్‌పై ఇది అసలు వేడి కన్నా బాగా తక్కువ చూపిస్తుంది. ఆ అంకె చూసి చెయ్యి పెట్టొద్దు.

ఇవన్నీ అనుమానాన్ని పెంచేవే. ఖాయం చేసుకోవాలంటే మెకానిక్‌తో స్మోక్ టెస్ట్ చేయించాలి. ఇన్‌టేక్ వైపు గాలి లీకైనా ఇవే కోడ్‌లు రావచ్చు కాబట్టి ఇది తప్పనిసరి.

వెల్డింగా, కొత్తదా?

మందపాటి పైపు మీద బయటికి కనిపించే చిన్న పగులైతే, లోపల ఆర్గాన్ గ్యాస్ నింపి టిగ్ వెల్డింగ్ చేయించవచ్చు. కానీ ఎఫ్355 లాంటి పల్చటి, పాతబడిన పైపుల్లో వెల్డింగ్ పక్కనే మళ్లీ చీలే అవకాశం ఎక్కువ. కవచం కోసి, అతికించి, మళ్లీ మూసే శ్రమ కూడా తక్కువేం కాదు. అందుకే ఇక్కడ మా ఓటు కొత్త మానిఫోల్డ్‌కే. 321 గ్రేడ్ స్టెయిన్‌లెస్ మంచిదే. ఇన్‌కొనెల్ 625 వేడిని ఇంకా బాగా తట్టుకుంటుంది, ధర కూడా ఆ రేంజ్‌లోనే ఉంటుంది. ఈ కారుకి టైమింగ్ బెల్టు మార్చాలంటే ఎలాగూ ఇంజిన్ దించాలి. రెండు పనులూ ఒకేసారి చేయిస్తే లేబర్ ఖర్చు కలిసొస్తుంది.

బిగించేటప్పుడు మర్చిపోవద్దు

తుప్పు పట్టిన నట్లకు ముందురోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ వేయండి. బలవంతం చేస్తే స్టడ్ హెడ్‌లోనే విరుగుతుంది, పని రెట్టింపవుతుంది. ఫ్లాంజ్ వంగిందేమో స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌తో చూడండి. గాస్కెట్, నట్లు కొత్తవే వాడండి. మధ్య నుంచి మొదలుపెట్టి బయటివైపుకి రెండు మూడు విడతల్లో, సర్వీస్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కి బిగించాలి.

శబ్దమే కదా, తర్వాత చూద్దాంలే అనుకుంటున్నారా? ఎఫ్355లో ఇంజిన్ సీట్ల వెనకే ఉంటుంది. పగులులోంచి చిమ్మే వేడి పొగ వైర్లను, గొట్టాలను కాల్చి మంట రేపొచ్చు. వాసన, రంగు లేని కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి చేరితే ప్రాణాలకే ముప్పు. రిపేర్ అయ్యేవరకు కారు తీయకపోవడమే మంచిది.

ఫెరారీ మన ఇంట్లో లేకపోవచ్చు. కానీ మన పెట్రోల్ కార్లలోనూ మానిఫోల్డ్, ఆక్సిజన్ సెన్సర్ ఇదే వరుసలో ఉంటాయి. కాబట్టి ఈసారి యాప్‌లో పీ0171 కనిపిస్తే, సెన్సర్ ఆర్డర్ పెట్టే ముందు ఉదయాన్నే బానెట్ ఎత్తి ఓసారి వినండి.