నియాన్ బోర్డు: కరెంటుకు కట్టిన అలుగు

"మాస్టారూ, పదిహేను వేల వోల్టులంటున్నారు కదా, సెకండరీ రెండు కొసలూ కలిపేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోదా?"

నరసరావుపేటలో వైర్‌మన్ పర్మిట్ పరీక్షకు చదువుకునే కుర్రాళ్లకు సాయంత్రం పూట పాఠాలు చెబుతుంటాను. పగలు వాళ్లలో కొందరు జిన్నింగు మిల్లుల్లో మోటార్లు చూస్తారు, మరికొందరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ప్యానెళ్ల దగ్గర పని చేస్తారు. వెలుగు బోర్డుల అధ్యాయం మొదలుపెట్టగానే ఒక కుర్రాడు వేసిన ప్రశ్న ఇది. కాలదు అన్నాను. ఎందుకు కాలదని వెంటనే ఇంకొకడు లేచాడు. ఆ ఎందుకుకు జవాబు చెప్పడమంటే నియాన్ బోర్డు కథంతా చెప్పడమే.

లాడ్జీ మీదా, బట్టల కొట్టు మీదా, సినిమా హాలు మీదా ఎర్రగా మెరిసే ఆ గాజు గొట్టాన్ని చూడనివాళ్లు లేరు. లోపల తీగ లేదు. ఉన్నదల్లా వాతావరణ పీడనంలో నూరో వంతు కూడా ఉండీ ఉండని పీడనంలో కాస్త వాయువు, రెండు చివర్లా రెండు ఎలక్ట్రోడులు. మామూలుగా వాయువు కరెంటును పోనివ్వదు. కానీ వోల్టేజీ బాగా పెంచితే అందులో ఎక్కడో తిరుగుతున్న ఒక ఎలక్ట్రాన్ వేగం పుంజుకుని దారిలో ఉన్న అణువును గుద్దుతుంది. ఆ దెబ్బకు ఇంకో ఎలక్ట్రాన్ ఊడి వస్తుంది. ఇప్పుడు గుద్దేవి రెండు, తర్వాత నాలుగు, ఆ తర్వాత ఎనిమిది. కన్ను మూసి తెరిచేలోగా గొట్టమంతా కరెంటుకు దారి అయిపోతుంది. ఈ గుద్దులాటలో శక్తి పుంజుకున్న నియాన్ అణువులు మళ్లీ శాంతించేటప్పుడు ఆ శక్తిని వెలుగుగా వదులుతాయి. ఆ వెలుగు ఎక్కువగా నారింజ, ఎరుపు రంగుల్లోనే ఉంటుంది.

చిక్కంతా వెలిగాకే. రాగి తీగలో వోల్టేజీ పెంచితే కరెంటు అదే లెక్కన పెరుగుతుంది, ఓమ్ సూత్రం చెప్పేది అదే. వెలిగిన వాయువు తీరు వేరు. కరెంటు పెరిగినకొద్దీ ఎలక్ట్రాన్లూ అయాన్లూ ఇంకా పుడతాయి. అవి పుట్టినకొద్దీ దారి మరింత సులువవుతుంది, నిరోధం పడిపోతుంది, కరెంటు ఇంకా పెరుగుతుంది. దీన్నే పుస్తకాల్లో రుణ నిరోధం అంటారు. దీన్ని ఆపేవాడు బయట లేకపోతే ఫ్యూజ్ పోవాలి, లేదంటే గొట్టం పగలాలి. మన ఇంట్లో ట్యూబ్‌లైటు పక్కన చోక్ ఉండేది ఇందుకే. ట్యూబ్‌లైటులోని స్టార్టర్ తెరుచుకున్న క్షణాన చోక్ ఒక్కసారి ఎక్కువ వోల్టేజీ విసిరి ట్యూబును వెలిగిస్తుంది. ఆ తర్వాత వెలిగినంతసేపూ కరెంటును పట్టి ఉంచుతుంది. పరీక్షలో చోక్ దేనికి అని అడిగితే చాలామంది మొదటి పని రాసి రెండో పని వదిలేస్తారు. నిజానికి నిమిష నిమిషమూ జరిగేది రెండో పనే.

వాయువుతో వెలిగే దీపాన్ని దుకాణాలకు చేర్చాలని గట్టిగా పట్టుబట్టినవాళ్లు ఇద్దరు: అమెరికాలో మెక్‌ఫార్లన్ మూర్, ఫ్రాన్సులో జార్జ్ క్లాడ్.

మూర్ కొంతకాలం ఎడిసన్ కంపెనీలో పనిచేశాడు. ఎడిసన్ బల్బు మసకగా ఉందనీ, అనవసరంగా వేడెక్కుతోందనీ అతని పట్టు. 1904లో నెవార్క్ పట్టణంలో ఒక ఇనుప సామాన్ల కొట్టులో తన గొట్టపు దీపాన్ని అమర్చాడు. ఇలాంటి గొట్టాలను గది పైకప్పు పొడవునా పాకించేవాడు. లోపల నైట్రోజన్ నింపితే గులాబీ ఛాయ, కార్బన్ డయాక్సైడ్ నింపితే పగటి వెలుగులాంటి తెలుపు వచ్చేవి. ఆ తెలుపు అద్దకంవాళ్లకు రంగులు సరిపోల్చుకోవడానికి బాగా పనికొచ్చింది. కానీ ఒక పెద్ద ఇబ్బంది వచ్చిపడింది. వెలిగినకొద్దీ ఆ వాయువులు ఎలక్ట్రోడులలోకీ, గాజు గోడలలోకీ ఇంకిపోయేవి. గొట్టంలో సరుకు తగ్గిపోతే దీపం చెడుతుంది.

దానికి మూర్ కనిపెట్టిన ఉపాయం నాకు ఎప్పటికీ ముచ్చటే. గొట్టానికి ఒక చిన్న మూతి పెట్టి, అందులో సన్నటి రంధ్రాలున్న కార్బన్ బిరడా బిగించాడు. ఆ బిరడా మీద పాదరసం నిలబెట్టాడు. పాదరసం కప్పి ఉన్నంతసేపు వాయువు దూరదు. గొట్టంలో పీడనం తగ్గితే దాని గుండా పోయే కరెంటు పెరుగుతుంది. అదే కరెంటు ఒక సోలెనాయిడ్ గుండా పోతుంది కాబట్టి అయస్కాంతబలం పెరిగి, పాదరసంలో మునిగి ఉన్న ఇనుప తీగల కట్టను పైకి లాగుతుంది. కట్ట లేచేసరికి పాదరసం మట్టం దిగి బిరడా కొన బయటపడుతుంది. అక్కడినుంచి కాసింత వాయువు లోపలికి జారుతుంది. పీడనం సరిపోగానే కరెంటు తగ్గుతుంది, కట్ట దిగుతుంది, పాదరసం మళ్లీ కప్పేస్తుంది. ఎలక్ట్రానిక్స్ అనేది లేని రోజుల్లో తన ఆకలిని తానే తెలుసుకుని తినే దీపం అది!

క్లాడ్ అడిగిన ప్రశ్న వేరు. ఇంకిపోని వాయువే నింపితే ఈ కవాటమే అక్కర్లేదు కదా? నియాన్‌ను రామ్‌జే, ట్రావర్స్ 1898లోనే లండన్‌లో కనిపెట్టారు. అది దేనితోనూ కలవదు. గాలిలో లక్ష పాళ్లకు రెండు పాళ్లు కూడా లేదు కనుక మిగతావాళ్లకు అది దొరకని సరుకు. క్లాడ్‌కు మాత్రం గాలిని ద్రవంగా మార్చి ఆక్సిజన్ తీసే కర్మాగారం ఉంది. 1902లో మొదలైన ఎయిర్ లిక్విడ్ కంపెనీ ఆయన పద్ధతి మీద పుట్టిందే. గాలి ద్రవమయ్యాక కూడా నియాన్ వాయువుగానే మిగిలిపోతుంది, అది మరగడానికి మైనస్ 246 డిగ్రీలు చాలు. అంటే మూర్‌కు దొరకనిది క్లాడ్‌కు మిగులు సరుకు. 1910 డిసెంబరులో పారిస్ మోటారు ప్రదర్శనలో ఆయన రెండు పెద్ద నియాన్ గొట్టాలు వెలిగించాడు.

వాయువు మార్చినంత మాత్రాన పని అయిపోలేదు. అయాన్లు వచ్చి తగిలే దెబ్బలకు ఎలక్ట్రోడు లోహం రేణువులుగా చెదిరి గాజుకు పట్టేది, పోతూ పోతూ నియాన్‌నూ తనతో కప్పేసుకునేది. చిన్న ఎలక్ట్రోడు మీద దెబ్బలన్నీ ఒకేచోట పడుతున్నాయని క్లాడ్ గ్రహించాడు. ఒక ఆంపియరుకు 1.5 చదరపు డెసిమీటర్లకు మించిన వైశాల్యం ఉండాలని తన పేటెంటులో రాశాడు. అమెరికాలో ఆ పేటెంటు 1915లో వచ్చింది. మనం లెక్క వేసి చూద్దాం. బోర్డులో నడిచే కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు అయితే 4.5 చదరపు సెంటీమీటర్లు కావాలి. అందుకే నియాన్ గొట్టం చివర్లో కనిపించే లోహపు గుల్ల అంత లావుగా ఉంటుంది. మూర్ కవాటం ఓడింది. క్లాడ్ గొట్టం ఒకసారి మూసేశాక ఏళ్ల తరబడి వెలిగింది.

ఇప్పుడు మా కుర్రాడి ప్రశ్నకు వద్దాం. నియాన్ బోర్డుకు స్టార్టర్ ఉండదు. పొడవాటి సన్నని గొట్టాన్ని వెలిగించడానికి వేల వోల్టులు కావాలి, వెలిగాక కరెంటును పట్టి ఆపాలి. ఈ రెండు పనులనూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ చేస్తుంది.

మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌లో ప్రైమరీ పుట్టించిన అయస్కాంత ప్రవాహం దాదాపు అంతా సెకండరీ గుండా పోవాలని చూస్తాం. పక్కకు పోయినదాన్ని లీకేజీ అంటాం, దాన్ని తగ్గించడమే మంచి డిజైన్ అని పాఠం చెబుతాం. నియాన్ ట్రాన్స్‌ఫార్మర్ చేసేవాడు ఆ లీకేజీని కావాలని పెంచుతాడు. ప్రైమరీకీ సెకండరీకీ నడుమ కోర్ కిటికీలో అదనంగా కొన్ని ఇనుప రేకుల కట్ట దూరుస్తాడు. దాని పేరు మాగ్నెటిక్ షంట్. అది కోర్‌ను పూర్తిగా తాకదు. సన్నని సందు వదిలి, అందులో అట్టముక్క పెడతారు.

గొట్టం వెలగకముందు సెకండరీలో కరెంటు లేదు. సందులోంచి పోవడం ప్రవాహానికి కష్టం కాబట్టి అది ఇనుము దారినే సెకండరీ గుండా వెళ్తుంది. కొసల మధ్య పూర్తి 15,000 వోల్టులు వస్తాయి, గొట్టం వెలుగుతుంది. వెలగగానే సెకండరీలో కరెంటు మొదలై, వచ్చే ప్రవాహానికి ఎదురొత్తిడి పెడుతుంది. ఆ ఒత్తిడికి ప్రవాహంలో కొంత సందు దాటి షంట్ గుండా తిరిగి ప్రైమరీ వైపే పోతుంది. సెకండరీకి అందేది తగ్గింది కనుక వోల్టేజీ తానే దిగిపోతుంది. కరెంటు ఇంకా పెరగబోతే ఎదురొత్తిడి పెరుగుతుంది, షంట్ దారి పట్టే ప్రవాహమూ పెరుగుతుంది.

మన పల్నాడు చెరువుల కట్టకు ఉండే అలుగు సరిగ్గా ఇదే పని చేస్తుంది. నీరు ఒక మట్టం దాటేదాకా తూము వైపే పోతుంది, దాటిందా అలుగు మీదుగా పొర్లుతుంది. అలుగు ఎత్తును బట్టి చెరువు మట్టం ఉన్నట్టే, షంట్ సందు వెడల్పును బట్టి బోర్డు కరెంటు ఉంటుంది.

రెండు కొసలూ కలిపేసినా జరిగేది ఇదే. ప్రవాహం దాదాపు అంతా షంట్ దారి పడుతుంది, సెకండరీలో 30 మిల్లీ ఆంపియర్ల దగ్గరలోనే కరెంటు నిలుస్తుంది. ప్రైమరీ ఫ్యూజ్‌కు తెలియనైనా తెలియదు. తెలిసి పెట్టిన ఒక లోపం మీద ఈ యంత్రం బతుకుతోంది. విద్యుత్ యంత్రాల్లో ఇంతకంటే తెలివైన సరళత్వం నేను చూడలేదు.

దీనికి చెల్లించే మూల్యం పవర్ ఫ్యాక్టర్. లీకేజీ ఎక్కువ కాబట్టి అది బాగా పడిపోతుంది. అందుకే ప్రైమరీ వైపు కెపాసిటర్ పెడతారు. ఇంకో ఏర్పాటు సెకండరీ మధ్య బిందువుది. దాన్ని కోర్‌కు కలిపి ఎర్త్ చేస్తారు. కొసల మధ్య 15,000 ఉన్నా, ఏ కొస నుంచి చూసినా భూమికి 7,500 వోల్టులే. ఇన్సులేషన్ మీద పడే భారం సగమైంది.

2010 దాకా అమల్లో ఉన్న 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 71వ నియమం పూర్తిగా ఈ బోర్డులదే. దీన్ని బట్టీ పట్టకండి, యంత్రాన్ని అర్థం చేసుకుని చదవండి. ఒక్కో ప్రైమరీ సబ్ సర్క్యూట్ మీద ట్రాన్స్‌ఫార్మర్ల మొత్తం ఇన్‌పుట్ 1,000 వోల్ట్ ఆంపియర్లు దాటకూడదని అందులో ఉండేది. 15,000 వోల్టులు, 30 మిల్లీ ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి 450 వోల్ట్ ఆంపియర్లు. అంటే రెండు పెట్టవచ్చు, మూడోదానికి వేరే సర్క్యూట్ లాగాలి. భవనం బయట బోర్డుకు నిప్పుకు తట్టుకునే అత్యవసర స్విచ్ నేల నుంచి 1.70 మీటర్లకు మించని ఎత్తులో, కంటికి కనబడే చోట ఉండాలని కూడా అది చెప్పేది. నిచ్చెన కోసం వెతికే పని లేకుండా స్విచ్ కిందనుంచే ఫైర్ సిబ్బంది చేతికి అందాలన్నది దాని ఆంతర్యం. మంట వ్యాపించకుండా బోర్డును పరిసరాల నుంచి వేరుచేయాలన్న షరతు కూడా ఉండేది. మిల్లుల చుట్టూ దూది నూగు గాలిలో తేలే మన ప్రాంతంలో ఇది అక్షరాలా ప్రాణం కాపాడే షరతు. ఇన్సులేటర్ల మీద పేరుకున్న నూగూ దుమ్మూ తొలకరి తడి తగిలిన రోజు కరెంటుకు దారి అవుతాయి. మొదటి వానకు ముందే వాటిని తుడవాలి.

గొట్టాన్ని మంట మీద వంచి అక్షరం చేసే పని వేరే విద్య. ముందువైపు చదునుగా రావడానికి పనివాడు అక్షరాన్ని తిరగేసి వంచుతాడు. తెలుగు అక్షరాల గుండ్రదనం గాజుకు బాగా ఒదుగుతుంది, విడిగా నిలిచే వత్తులూ తలకట్లూ మాత్రం కష్టపెడతాయి. అక్షరాలను కలిపే గొట్టం ముక్కలకు నల్లరంగు పూసి దాచేస్తారు.

క్లాడ్ గొట్టం గెలిచిన తర్వాతి చరిత్ర తొందరగానే చెప్పుకోవచ్చు. ఆర్గాన్‌లో పాదరసం కలిపి నీలం తెచ్చారు, గాజు లోపల ఫాస్ఫర్ పూసి మిగతా రంగులు తెచ్చారు. క్లాడ్ సముద్రపు వేడి నుంచి విద్యుత్తు తీసే ప్రయోగాలకు వెళ్లాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకు సహకరించినందుకు జైలు పాలయ్యాడు. మూర్ 1936లో ఒక నిరుద్యోగ ఆవిష్కర్త తుపాకీకి బలయ్యాడు. అంతకుముందు, 1917లో, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఉండగా అతను ఒక బుల్లి నియాన్ దీపం చేశాడు. ప్రతి వైర్‌మన్ జేబులో ఉండే టెస్టర్‌లో వెలిగేది దాని వంశమే. అందులోనూ కరెంటును ఆపడానికి పెద్ద రెసిస్టర్ ఉంటుంది. ఏసీలో దాని రెండు ఎలక్ట్రోడులూ వెలుగుతాయి, డీసీలో నెగెటివ్ వైపుది ఒక్కటే. బోర్డుల మీద గెలిచినవాడు క్లాడ్ అయితే, ఎలక్ట్రీషియన్ చేతికి చేరినవాడు మూర్.

ఇప్పుడు దుకాణాల మీద ఎల్‌ఈడీ వచ్చేసింది. పన్నెండు వోల్టులతో నడుస్తుంది, గాజు పగలదు, ఖర్చు తక్కువ. కానీ ఎల్‌ఈడీకీ కరెంటును పట్టి ఆపేవాడు కావాలి. వేడెక్కినకొద్దీ అది తక్కువ వోల్టేజీకే ఎక్కువ కరెంటు తాగుతుంది. రెంటచింతల ఎండలో రేకు పెట్టెలో బిగించిన బోర్డు లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించుకోండి. అక్కడ స్థిర కరెంటు డ్రైవర్ చేసే పని షంట్ చేసినదే.

నియాన్ బోర్డులు దింపేస్తుండటంతో వాటి ట్రాన్స్‌ఫార్మర్లు పాత సామాన్ల కొట్లలో చవగ్గా దొరుకుతున్నాయి. పరీక్షకు చదివే తమ్ముళ్లకు నా విన్నపం ఇదే. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కొంటే విప్పి షంట్ చూడండి, బొమ్మ గీసుకోండి, కానీ ప్లగ్గుకు మాత్రం పెట్టకండి. షార్ట్ చేస్తే అది కాలదు కానీ, తాకితే మనిషి మిగలడు. 30 మిల్లీ ఆంపియర్లు గుండెను ఆపడానికి చాలు. భూమికి కారే కరెంటును పసిగట్టి సరఫరా ఆపే ఈఎల్‌సీబీ ఇంట్లో ఉందని ధైర్యపడకండి. సెకండరీ నుంచి ఒంట్లోకి వచ్చిన కరెంటు భూమి గుండా సెకండరీకే తిరిగిపోతుంది, ఈఎల్‌సీబీ దాన్ని చూడనే చూడదు.