పసుపు లైటు వెలిగినప్పుడు

పాచిపెంట ప్రాంతములో కాపురముండేవారికి ఘాట్ రోడ్డు అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. సాలూరు దాటిన తరువాత పి.కోనవలస దగ్గర కొండ ఎక్కడం మొదలుపెట్టి, ఒడిశాలోని సుంకి మీదుగా కోరాపుట్ వైపు పోయే ఆ రహదారిని మన పెద్దలు నలభైమూడో నెంబరు రోడ్డు అనేవారు. 2010లో దేశమంతటా జాతీయ రహదారుల నెంబర్లు మార్చినప్పుడు అది 26వ నెంబరు అయినది. నెంబరు మారినది గాని మలుపులు మారలేదు. ఆ మలుపులలో మేము చేసిన ఒక పొరపాటును, దానివలన నేర్చుకున్న సంగతులను ఈ నెల మీతో పంచుకొనవలెనని ఆశపడుచున్నాము. కారు ఉన్నవారికే కాదు, ఒకరి కారులో ఎక్కి కూర్చునే ప్రతివారికీ ఇది పనికివచ్చునని మా నమ్మకం.

మేము నడిపే కారు పాతది. మరొకరు పదేళ్ళు వాడిన తరువాత మా చేతికి వచ్చినది. ఆరేళ్ళుగా కొండ గ్రామాలకు అదే మాకు ఆధారం. ఒక సంవత్సరం క్రితం దాని మీటర్ల పలకలో, స్టీరింగు బొమ్మ ఉన్న పసుపురంగు లైటు ఒకటి అప్పుడప్పుడు వెలగడం మొదలైనది. వెలిగిన వెంటనే స్టీరింగు బరువెక్కేది. బండి ఆపి, తాళం తీసి, మళ్ళీ పెట్టి స్టార్టు చేస్తే లైటు ఆరిపోయేది, స్టీరింగు మామూలయ్యేది. "ఇంతే గదా" అనుకున్నాము. మూడు నెలలు అలాగే గడిపాము. ఇంట్లోవారు రెండుసార్లు హెచ్చరించినా, "పాత బండికి ఇటువంటివి మామూలే" అని సమాధానం చెప్పినవారము మేమే.

ఆ సాయంకాలం

గత వర్షాకాలంలో ఒక సాయంకాలం కొండమీది గ్రామం నుండి దిగివస్తూ ఉండగా, రోడ్డు ప్రక్కన నలుగురు మనుషులు డోలీ దించి నిలబడియున్నారు. లోపల ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు, విపరీతమైన జ్వరం, ఒళ్ళంతా వణుకు. అక్కడ ఫోనుకు సిగ్నలు లేదు, 108 బండిని పిలిచే మార్గం లేదు. పిల్లవానిని, తల్లిని, తాతను కారులో ఎక్కించుకొని సాలూరు ఆసుపత్రికి బయలుదేరాము.

నాలుగు మలుపులు బాగానే దిగాము. అయిదవ మలుపు సగం తిరిగినంతలో పసుపు లైటు వెలిగినది. అంతవరకు రెండు వేళ్ళతో తిరిగిన స్టీరింగు ఒక్కసారిగా బిగిసినట్లయినది. మా చేతులు తేలిక బరువుకు సిద్ధపడియున్నవి గాని ఆ బరువుకు కాదు. చేతులకు బలం తెచ్చుకునే లోపల కారు అవతలి ప్రక్కకు జరిగిపోయినది. ఎదురుగా బరువుతో ఎక్కి వస్తున్న లారీ. ఆ డ్రైవరు బ్రేకు వేసినందున, మేము రెండు చేతులతో బలమంతా పెట్టి లాగినందున, జానెడు దూరంలో తప్పిపోయినది. తాత ఒక్క మాట మాట్లాడలేదు. తల్లి పిల్లవానిని గుండెకు హత్తుకొని కళ్ళు మూసుకున్నది. తాళం తీసి మళ్ళీ పెట్టి, మిగిలిన దారి నడక వేగంతో దిగాము. పిల్లవానికి సకాలంలో వైద్యం అందినది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

లోపల జరిగేది ఏమిటి?

పూర్వపు అంబాసిడర్లకు, ఫియట్లకు స్టీరింగు తిప్పడమంటే భుజబలమే. ఆ శ్రమ తగ్గించడానికి 1951లో అమెరికాలో క్రైస్లర్ సంస్థ నూనె ఒత్తిడితో పనిచేసే పవర్ స్టీరింగును తన కార్లలో అమ్మకానికి తెచ్చినది. 1988లో జపానులో సుజుకి సంస్థ సెర్వో అనే చిన్న కారులో నూనెకు బదులు కరెంటు మోటారు పెట్టినది. దీనినే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగు, పొట్టిగా ఇ.పి.ఎస్. అంటారు. నేడు మన రోడ్లమీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువభాగం ఇటువంటివే.

తడిబట్టను పిండునప్పుడు రెండు చేతుల మధ్య బట్ట మెలిపడుతుంది గదా! స్టీరింగు కడ్డీ మధ్యలో కూడా అలా కొద్దిగా మెలిపడే సన్నని ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. మనం చక్రం తిప్పినప్పుడు అది ఎంత మెలిపడినదో కొలిచేదే టార్క్ సెన్సారు. ఆ కొలతను అది చిన్న కంప్యూటరు పెట్టెకు చెప్పును. పెట్టె మోటారుకు ఆజ్ఞ ఇచ్చును. మోటారు మన చేతికి తోడుగా తిప్పును. ఇదంతా రెప్పపాటుకన్నా తక్కువ కాలంలో జరిగిపోవును.

ఈ సెన్సారు సాధారణంగా ఒక్క మాట కాదు, రెండు మాటలు చెప్పును. చాలా కార్లలో చక్రం వదలియున్నప్పుడు రెండు తీగలలోను సుమారు రెండున్నర వోల్టులు ఉంటాయి. ఒక ప్రక్కకు తిప్పితే ఒకటి పెరిగినంత రెండవది తగ్గును. రెండు సాక్ష్యములు కలిస్తేనే కంప్యూటరు నమ్మును. కలవకపోతే, తప్పుడు ప్రక్కకు తిప్పడంకన్నా అసలు సహాయం చేయకుండుట మేలని మోటారును ఆపివేసి పసుపు లైటు వెలిగించును. చక్రానికి, టైర్లకు మధ్య ఇనుప సంబంధం అప్పుడు కూడా తెగదు. బండి తిరుగుతుంది, కాని చాలా బరువుగా. ఆగిపోయిన మోటారును కూడా మన చేతులే తిప్పవలసివచ్చును గనుక, పవర్ లేకుండా తయారైన పాత చిన్నకారుకన్నా కూడా ఇది బరువుగా ఉండవచ్చును.

పాతరకం సెన్సార్లలో సన్నని లోహపు ముల్లు ఒక పూతమీద రాసుకుంటూ కదులును. బండి ఎక్కువకాలం తిన్నగా పోవును గనుక, ఆ పూత మధ్యభాగంలోనే ముందుగా అరుగును. కొత్తరకం వాటిలో తాకుడు లేకుండా అయస్కాంత పద్ధతిలో కొలుస్తారు గనుక ఆ అరుగుదల లేదు.

ముగ్గురు మేస్త్రీలు

మరునాడు మొదట చూపించిన మెకానిక్ నవ్వి, "అయ్యగారూ, ఫ్యూజు తీసీసి, ఆ బల్బు పీకీస్తే సరి. లైటూ ఉండదు, గొడవా ఉండదు" అన్నాడు. ఖర్చు రెండు వందలు. మా జేబు పరిస్థితికి ఆ మాట ఎంతో తియ్యగా వినిపించినదని దాచకుండా ఒప్పుకొనుచున్నాము. కాని డోలీలోని పిల్లవాని ముఖం గుర్తుకు వచ్చి వెనుదిరిగాము.

సాలూరు లారీలకు పేరుపడిన ఊరు. అక్కడ నలభై ఏళ్ళుగా లారీల పని చేస్తున్న పెద్దమేస్త్రి ఒకాయనను అడిగాము. "నాకు మీ కంప్యూటర్లు తెలవవు అయ్యగారూ. కాని ఇంట్లో దీపం మినుకుమంటే ముందు బల్బు మారుస్తామా, తీగ సూస్తామా? ఇన్నాళ్ళూ లైటెలుగుతుంటే ఎలా ఊరుకున్నారండీ?" అన్నాడు. ఆ ప్రశ్నకు మావద్ద జవాబు లేదు.

ఆయన మాటలో ఎంత వివేకం ఉన్నదో తరువాత తెలిసినది. స్టీరింగు మోటారు బలంగా లాగినప్పుడు ముప్ఫై ఆంపియర్లకు పైగా కరెంటు తీసుకోవచ్చును. రెండు హెడ్‌లైట్లు కలిసి తీసుకునేది పది ఆంపియర్లకు అటుఇటు. కనుక బ్యాటరీ నీరసించినా, ఎర్తు తీగ తుప్పుపట్టినా స్టీరింగే ముందుగా మూలుగును. ఆయన బ్యాటరీ కొనలు శుభ్రపరచి, బాడీకి బిగించిన ఎర్తు తీగ తుప్పు గీకి బిగించాడు. మూడు రోజులు లైటు వెలగలేదు. నాలుగవ రోజున మళ్ళీ వెలిగినది.

అప్పుడు విశాఖపట్నంలో స్కానరు ఉన్న ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకు తీసుకువెళ్ళాము. ఇంజను తప్పులు మాత్రమే చదివే చౌక స్కానరు ఈ పనికి చాలదు. స్టీరింగు కంప్యూటరుతో మాట్లాడగలిగినది కావలెను. ఆ యంత్రం టార్క్ సెన్సారు వైపు వేలు చూపినది. అయినను ఆ తమ్ముడు తొందరపడలేదు. కనెక్టరు ఊడదీసి, పిన్నులు తుడిచి, మీటరు పెట్టి రెండు తీగల వోల్టులు చూశాడు. స్టీరింగు కడ్డీని చేతితో మెల్లగా తట్టినప్పుడల్లా ఒక తీగలోని అంకె ఎగిరిపడుచున్నది. సందేహం తీరినది. సెన్సారే చెడినది.

మార్పు, ఖర్చు

చాలా కార్లకు ఈ సెన్సారు విడిగా దొరకదు. కడ్డీ, మోటారు, సెన్సారు కలిసిన మొత్తం భాగమే మార్చవలెను. కొత్తది మా నెల జీతమునకు ఎంతో మించినది. అందుచేత అదే మోడలుకు సంబంధించినది, అదే పార్టు నెంబరు గలది, పాతదే గాని మంచిది సంపాదించాము. బిగించక ముందే దాని వోల్టులు కూడా చూడమని కోరాము. బిగించిన తరువాత టైర్లను తిన్నగా పెట్టి, స్టీరింగుమీద చేయి వేయకుండా, స్కానరుతో "ఇదే మధ్యభాగం" అని కంప్యూటరుకు నేర్పించారు. ఈ చివరి పని మానితే బండి ఒక ప్రక్కకు లాగవచ్చును.

ఇటువంటి ఇబ్బంది కలిగిన కుటుంబములు ఈ క్రింది వరుస పాటించుట మంచిది:

1. మొదట బ్యాటరీ. ఇంజను ఆపి కొంతసేపు అయ్యాక సుమారు పన్నెండున్నర వోల్టులు, ఇంజను నడుచునప్పుడు సుమారు పద్నాలుగు ఉండవలెను.

2. తరువాత ఫ్యూజు, ఎర్తు తీగ, కనెక్టర్లు. వీటికి ఖర్చు స్వల్పం.

3. టైర్లలో గాలి తక్కువైనా స్టీరింగు బరువెక్కును. కాని అందుకు పసుపు లైటు వెలగదు. ఈ తేడా గమనించవలెను.

4. ఆ తరువాతనే స్కానరు, మీటరు. రెండూ ఒకే మాట చెప్పిన తరువాతనే సెన్సారు మార్పు.

5. ఎయిర్‌బ్యాగు ఉన్న కారైతే ముందుగా బ్యాటరీ తీగ తీసి, కంపెనీ పుస్తకంలో చెప్పినంతసేపు ఆగవలెను. కడ్డీ విడిగా ఉన్నప్పుడు స్టీరింగు చక్రం ఇష్టం వచ్చినట్లు తిరగకుండా కట్టివేయవలెను. లేకపోతే లోపలి చుట్టతీగ తెగిపోవును. ఇది ఇంటి దగ్గర చేసే పని కాదు.

6. నడుపుచుండగా లైటు వెలిగితే భయపడి చక్రం వదలరాదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, వేగం తగ్గించి, చోటు చూచి ఆపవలెను. బాగుపడేవరకు ఘాట్ ఎక్కరాదు.

తాత అడిగిన మాట

రెండు నెలల తరువాత అదే గ్రామానికి వెళ్ళాము. పిల్లవాడు కేకలు వేస్తూ ఎదురు పరుగెత్తివచ్చాడు. తిరుగు ప్రయాణంలో తాత సాలూరు సంతకని మా ప్రక్కన కూర్చున్నాడు. కొంతదూరం దిగిన తరువాత మీటర్ల పలకవైపు వేలు చూపి, "అయ్యగారూ, ఆ రోజు ఇక్కడ పసుపు దీపం ఎలిగింది గదా, ఇయ్యాల లేదేటి?" అని అడిగాడు. ఆ రోజే ఎందుకు చెప్పలేదని మేము అడిగితే, "మీకు తెలిసే ఉంటాదనుకున్నాను బాబూ. తెలిసే నడుపుతున్నారు గదా అని ఊరుకున్నాను" అన్నాడు.

ఆ మాట మా గుండెలో గుచ్చుకున్నది. నిజమే, మాకు తెలుసు. మూడు నెలలుగా తెలుసు. మన బండి ఎక్కినవారు మన టైర్లను, బ్రేకులను పరీక్షించరు. మనకు తెలిసియుండునని నమ్మి కూర్చుంటారు. ఆ నమ్మకానికి జవాబు చెప్పవలసినది స్టీరింగు పట్టినవాడే. ప్రియ పాఠకులారా, మీ ఇంటి బండిలో ఏదైనా లైటు వెలుగుచున్న యెడల, తాళం తీసి మళ్ళీ పెట్టి దాని నోరు మూయవద్దు. ఈ వారమే మేస్త్రికి చూపించండి. ముందు తీగ చూడమని చెప్పండి. ఆ తరువాతనే బల్బు.