ట్యాంకరుకు ఏ ట్రాక్టరు?

పిల్లలూ! అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. బోర్లు ఎండిన ఊళ్లకు ట్రాక్టర్లు ట్యాంకర్లతో నీళ్లు తోలుతాయి. గుట్ట దాటి పోవాలంటే చిన్న ట్రాక్టరు చాలదా?

లెక్క వేద్దాం. 4,000 లీటర్ల నీరు 4,000 కిలోలు. ట్యాంకరు 1,000 కిలోలనుకోండి. 10 మీటర్లకు 1 మీటరు లేచే దారిలో ఇందులో పదో వంతు, అంటే 500 కిలోల బరువంత బలం, వెనక్కి గుంజుతుంది. తక్కువ గేరులో చిన్న ట్రాక్టరైనా మెల్లగా ఎక్కవచ్చు.

చిక్కంతా దిగేటప్పుడే! ఆ బలమే ఇప్పుడు ముందుకు నెడుతుంది. ట్యాంకరుకు బ్రేకులు లేకుంటే ఆపవలసింది ట్రాక్టరొక్కటే. తేలిక ట్రాక్టరు చక్రాలకు నేల మీద పట్టు తక్కువ. అవి జారితే బండి అడ్డం తిరుగుతుంది. కనుక బరువైన ట్రాక్టరైనా ఉండాలి, చిన్న ట్యాంకరైనా కట్టాలి. గేరు తీసి మాత్రం దిగరాదు. ఇంజను కూడా బ్రేకే!